మూడో కొలత

ఆ ఇంట్లో టీవీ స్పీకర్లను నడిపే రిసీవర్ కొత్తది కొనాలన్న మాట పుట్టి ఏడాది దాటినా కొనడం కాలేదు. ఆయన తీరే అంత. పాతది కొత్త టీవీకి బొమ్మ అందించలేక మొరాయిస్తోంది, మధ్య స్పీకరులో మాటలు జలుబు చేసినట్టు వస్తున్నాయి. అయినా ఆయనకు తొందర లేదు. ఏడు స్పీకర్లను నడిపేది తీసుకోవాలా, తొమ్మిదింటిని నడిపేదా? అలమరలో పెడితే పైన గాలి ఆడుతుందా, వేడెక్కి చస్తుందా? కూతురికి సంబంధం చూసేవాళ్ళు కూడా అన్ని ఆరాలు తీయరు. ఫోనులో ఆయన గొంతు వినగానే షాపువాడు పని ఉందని పారిపోతాడని ఆయన భార్య అందరికీ చెప్పి నవ్వేది.

ఆమెది కుట్టుపని. ఆయన వెనక గదికి నల్ల తెరలు కట్టి, రెండు కుర్చీలు వేసి సినిమా హాలు చేసుకుంటే, ముందు గదిలో ఆమె మిషను నడిచేది. ఏ మీట తిప్పినా ఆయన ఆమెను పిలిచి పక్క కుర్చీలో కూర్చోబెట్టేవాడు. వాన వెనకనుంచి పడుతున్నట్టు లేదూ, అనేవాడు. "వినిపించిందా?" అని అడిగేవాడు. "ఆఁ, వినిపించింది లెండి" అనేసి ఆమె లేచిపోయేది. మనసంతా సగంలో ఆపి వచ్చిన కాలరు మీద. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆ సంగతి ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. ఆస్పత్రి మంచం మీద కూడా ఆయన కోరింది అదొక్కటే. కొత్తది వచ్చాక ఒక్కసారి కుదురుగా కూర్చుని, నిజంగా విని చెప్పమన్నాడు.

ఆర్డరిచ్చిన పెట్టె వచ్చేసరికి ఆయన లేడు.

వేసవంతా అది నడవాలో అలాగే ఉండిపోయింది. విప్పితే విని జవాబు చెప్పాలి. ఎవరికి చెప్పాలి? ఆమె దాని పక్కనుంచి ఒదిగి ఒదిగి నడిచింది. చివరికి ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆయన లేకపోయినా ఆయన కుర్చీ ఉంది కదా, దాని పక్కన కూర్చుని ఆ మాట చెప్పేద్దామని గుండె చిక్కబట్టుకుని మెకానిక్కుని పిలిచింది.

వచ్చినవాడు నడివయసు మనిషి, ముక్తసరిగా మాట్లాడతాడు. తీగలన్నీ కలిపి, ఒక చిన్న మైకును ఆయన కుర్చీలో చెవి ఎత్తున నిలబెట్టాడు. రిసీవర్ ఒక్కో స్పీకరులోంచి కూత పెడుతుంది, మైకు విని గదిని కొలుస్తుంది. కొలిచేటప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు. మైకు పక్కన మనిషి ఉంటే తల అడ్డొచ్చి కూత మందగిస్తుంది. ఇదంతా చెప్పి, ఆమెను బయటికి రమ్మని, తలుపు వేసి ఫోనులో మీట నొక్కాడు.

లోపల కూతలు మొదలయ్యాయి. ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి. తెరల వెనక వాన చప్పుడు కూడా సన్నగిల్లినట్టుంది. మెకానిక్ ఫోను చూసి నొసలు ముడిచాడు.

"లోపల ఎవరన్నా కూర్చున్నారామ్మా?"

తలుపు తీశారు. చీకటి. కొత్త ప్లాస్టిక్ వాసన. దాని అడుగున, పల్చగా, ఆయన గడ్డం గీసుకునే సబ్బు వాసన. కుర్చీ ఖాళీగా ఉంది. మెకానిక్ మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అదే. మైకు పక్కన ఒక తల ఉన్నట్టు వస్తోందన్నాడు.

ఆమెకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది. ఆయన వచ్చాడు, మాట తీసుకుందామనే వచ్చాడు. ఆ కొలతను అలాగే ఉంచేయమంది. త్వరగా రెండో కుర్చీ కూడా కానివ్వమంది. అది తన కుర్చీ. పని అవగానే అందులో కూర్చుంటుంది. ఈసారి లేవదు.

మెకానిక్ మైకును ఆమె కుర్చీలోకి మార్చి బయటికొచ్చాడు. ఆమె తలుపుకు చెవి ఆనించింది. కూతలు ఒక్కొక్కటే వచ్చాయి... ఆగాయి. తర్వాత నిశ్శబ్దం... ఆ నిశ్శబ్దంలోంచి, మెల్లగా, ఆయన గొంతు.

"వినిపించిందా?"

ఆమె నోరు తెరిచింది. ఈలోగా లోపలినుంచే జవాబు వచ్చింది.

"ఆఁ, వినిపించింది లెండి."

అది ఆమె గొంతే. విసుగూ కాదు, ప్రేమా కాదు... ధ్యాస ఎక్కడో పెట్టి అనేసిన మాట. ఆయన చిన్నగా నిట్టూర్చడం కూడా వినబడింది.

మెకానిక్ ఏమీ విననట్టే ఫోను చూస్తున్నాడు. ఈ కుర్చీలోనూ ఎవరో ఉన్నట్టే వచ్చిందమ్మా, అన్నాడు.

ఆమె ముందు గదిలోకెళ్ళి, కుట్టుమిషను స్టూలు లాక్కొచ్చి రెండు కుర్చీల వెనక వేసుకుంది. మైకు అందుకుని చెవికి ఆనించుకుంది. అలా పట్టుకుంటే కొలత చెడిపోతుందని మెకానిక్ చెప్పి చూశాడు.

"చెడిపోనీ. నేను కూడా ఉన్నానని ఆయనకు తెలియాలి. ఆ కుర్చీలో ఉన్నావిడ అబద్ధం చెప్తోంది. నేను వింటాను."

అతను ఆమె ముఖం చూసి, బయటికెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. చీకట్లో ఎదురుగా రెండు కుర్చీల వీపులు. కూతలు మొదలయ్యాయి. ఆమె ఒళ్ళంతా చెవి చేసుకుని వింది. ఎడమ... కుడి... వెనక. జీవితంలో మొదటిసారి ప్రతిదీ వింది. ఎంత బాగుందో. ఇన్నాళ్ళూ ఆయన ఒక్కడే విన్నాడు కదా అని గుండె తరుక్కుపోయింది. "వినిపించిందండీ" అంది, "నిజంగా వినిపించింది."

కుర్చీల్లోంచి అలికిడి లేదు.

కూతలు ఆగిపోయాయి. తలుపు అవతలనుంచి మెకానిక్ గొంతు తేలిగ్గా వచ్చింది.

"మంచి పని చేశారమ్మా, లేచి పక్కకు జరిగారు. ఈ కొలత శుభ్రంగా వచ్చింది. స్టూలు దగ్గర మాత్రం ఎవరూ లేరు."

ఆమె స్టూలు మీదే ఉంది. మైకును చెంపకు ఇంకా గట్టిగా అదుముకుంది.