నలభై ఒక్క వేసవులు

అక్టోబరు మొదటి శనివారం. రూబెన్ అందరికంటే ముందే లేచాడు. నల్ల రొట్టె ముక్కల మధ్య పొగబెట్టిన చేప పెట్టి పొట్లాలు కట్టాడు. సముద్రం గడ్డకట్టకముందే తెరచాప పడవను ఒడ్డెక్కించి, చలికాలానికి మూతవేసి పెట్టే రోజు అది. ఆ ఇంట్లో దాదాపు పండగతో సమానం. భార్య సిగ్నే, సెలవు పెట్టి వచ్చిన కూతురు ఇల్వా పాత స్వెట్టర్లు తొడుక్కుని కారెక్కారు. పార్గస్ ఊరి నుంచి రేవుదాకా రూబెన్ నోరు మూతపడలేదు.

క్రేను పడవను నీళ్ళలోంచి లేపి చెక్క దిమ్మల మీద కూర్చోబెట్టేసరికి పదయింది. నలభై ఒక్క వేసవుల కిందట, పెళ్ళయిన ఏడే కొన్న చెక్క పడవ అది. ఓడల మరమ్మతు షెడ్డులో నలభై ఏళ్ళు పనిచేసి ఈమధ్యే రిటైరైన రూబెన్‌కి ఏటా జూలైలో మూడు వారాల సెలవు దొరికేది. ఆ మూడు వారాలూ ముగ్గురూ పడవలోనే, దీవి నుంచి దీవికి. రాళ్ళ మీద పొయ్యి పెట్టి వేయించుకున్న చేపలు, సముద్రపు నీళ్ళలోనే ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, అర్ధరాత్రయినా ఆరని వెలుతురు. పడవ అడుగున పట్టిన నాచును బ్రష్షుతో గీకుతూ రూబెన్ ఒక్కో వేసవినీ తలుచుకున్నాడు. "నీకు ఈత వచ్చింది ఏ దీవి దగ్గరో గుర్తుందా?" అని ఇల్వాను అడిగాడు. ఆమె ఒక పేరు చెబితే, కాదని ఇంకో పేరు చెప్పి కాసేపు పోట్లాడాడు.

లోపలి పని ఎప్పుడూ సిగ్నేదే. పరుపులు, గిన్నెలు, దుప్పట్లు ఒక్కొక్కటే కిందికి అందించింది. తడి తగిలితే బూజు పట్టేవి ఇంటికి, మిగతావి రేవులోని కొట్టుగదికి. చివరగా తన రబ్బరు బూట్లూ వానకోటూ విడిగా ఒక సంచిలో పెట్టుకుని నిచ్చెన దిగింది.

"బూట్లెందుకు ఇంటికి? కొట్టుగదిలో పెట్టేదానివిగా" అన్నాడు రూబెన్.

"వచ్చే ఏడు నేను రాను, రూబెన్."

అతను తేలిగ్గా నవ్వేశాడు. "మోకాళ్ళ గురించేనా? ఎక్కడానికి ఇంకో మెట్టు బిగిస్తాలే."

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నాకు సముద్రమంటే భయం. ఎప్పట్నుంచో."

రూబెన్ కూతురివైపు చూశాడు. ఇల్వా తల వంచుకుని, గీకినచోటే మళ్ళీ గీకుతోంది.

"నీకు తెలుసా?"

"రెండేళ్ళయింది నాన్నా. చెప్పొద్దని అమ్మే అంది."

అప్పుడు రూబెన్‌కి కోపం వచ్చింది. తల్లీ కూతుళ్ళు కూడబలుక్కుని తనను వెర్రివాణ్ణి చేశారన్నాడు. ఆ నవ్వులూ ఆ ఫొటోలూ అన్నీ నటనేనా అని నిలదీశాడు. ఈ సాయంత్రమే పడవను ఎవరికో ఒకరికి అమ్మిపారేస్తానని బ్రష్షు బకెట్లోకి విసిరాడు. మురికినీళ్ళు సిగ్నే స్వెట్టరు మీద చిందాయి. ఆమె తుడుచుకోలేదు.

"ఇల్వాకి ఐదేళ్ళప్పుడు వచ్చిన తుఫాను గురించి క్రిస్మసుకి వచ్చినవాళ్ళందరికీ చెబుతావు" అంది నెమ్మదిగా. "సిగ్నే పిల్లను శాలువాతో నడుముకి కట్టేసుకుంది, మూటలా ఉందని. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆ రోజు పడవ ఒరిగినప్పుడు పిల్ల అంచుదాకా జారిపోయింది. నువ్వు తెరచాప దించుతున్నావు, చూడలేదు. గౌను కుచ్చు పట్టుకుని లాగాను. మునిగిపోతే ఇద్దరం కలిసే పోదామని కట్టుకున్నాను."

ముప్పై ఏళ్ళుగా రూబెన్ నవ్వించడానికి చెప్పుకొస్తున్న కథ అది.

"మరి అప్పుడే చెప్పొచ్చుగా" అన్నాడు.

"చెబితే పడవ మానేసేవాడివి. ఏడాదంతా షెడ్డు నుంచి వచ్చి, సూప్ తాగుతూనే కునికేవాడివి. ఇల్వా ఏ తరగతో కూడా నీకు తెలిసేది కాదు. పడవెక్కాక పాటలు పాడేవాడివి, పిల్లకి తాడుతో ముడులు వేయడం నేర్పేవాడివి. మూడు వారాలే నువ్వు మాకు దొరికేది. ఆ మనిషి కోసం వచ్చేదాన్ని. ఇప్పుడా మనిషి రోజూ ఇంట్లోనే ఉంటున్నాడు. ఇంకా నేను నీళ్ళలోకి ఎందుకు?"

ఇంట్లో గోడనిండా ఉన్న ఫొటోలు రూబెన్‌కి కళ్ళముందు మెదిలాయి. ప్రతి ఫొటోలోనూ సిగ్నే పడవలో అదే మూల కూర్చుని, ఒక చేత్తో అంచు కడ్డీ పట్టుకుని ఉంటుంది. అది ఆమెకు ఇష్టమైన చోటనుకున్నాడు ఇన్నాళ్ళూ. అతను పక్కనున్న చెక్కదుంగ మీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటే చేతికున్న నాచు చెంపకి అంటింది.

"ఒక్కసారైనా అడగాల్సింది నేను."

"అడిగుంటే అబద్ధం చెప్పేదాన్ని" అంటూ సిగ్నే తన చేతిరుమాలుతో అతని చెంప తుడిచింది. "అబద్ధాలాడటంలో నేను నీకంటే నయం. పడవ మాత్రం అమ్మేయకు. దాన్ని నేనేమీ ద్వేషించలేదు."

వచ్చే జూలైలో రెండు వారాలు తాను వచ్చి నాన్నతో పడవ నడుపుతానంది ఇల్వా. గాలి ఎక్కువగా ఉన్న రోజు బయల్దేరబోమని ఇద్దరి చేతా మాట తీసుకుంది సిగ్నే. తర్వాత ముగ్గురూ కలిసి పడవకున్న చిన్న ఇంజన్‌లోని నీళ్ళు గడ్డకట్టకుండా వంపేశారు. మంచు బరువుకి కుంగకుండా చెక్క చట్రం నిలబెట్టి, దాని మీద పెద్ద టార్పాలిన్ లాగి కప్పారు. ఒకవైపు తాడు సిగ్నే పట్టుకుంటే రెండోవైపు రూబెన్ బిగించాడు.

బిగిస్తూ, ఇంతకాలం అడగని మాట అడిగాడు. "మేం వెళ్ళాక నీకేం చేయాలనుంది?"

ఎవరూ అడగలేదు కాబట్టి ఎప్పుడూ ఆలోచించలేదంది సిగ్నే. తాడు పట్టుకునే కాసేపు ఆలోచించింది.

"కదలని మంచం మీద తొమ్మిదింటిదాకా నిద్రపోవాలనుంది."

"పదింటిదాకా పడుకో" అన్నాడు రూబెన్. "అక్కడ సముద్రం ఎలా ఉందో ఏ దీవి నుంచైనా రోజూ ఫోన్ చేసి చెబుతాను. పది దాటాకే చేస్తాను."