హారన్ కొట్టని గల్లీ

మా బల్కంపేట గల్లీల ఇంత జాగ దొరికితే చాలు, బండి పెట్టేస్తరు. ఎల్లమ్మ గుడికి వచ్చినోళ్ల కార్లు మా మెట్ల మీదికే ఎక్కుతయి. పార్కింగ్ కోసం అన్నదమ్ములే మాటలు బంద్ చేసుకున్న గల్లీ ఇది.

కానీ మంజూషక్క గేటు ముందు, ఒక జీపు పట్టేంత జాగ... ఎప్పుడూ ఖాళీ.

పెట్టినోళ్లు లేకపోలేదు. కొత్తగా కిరాయికి దిగిన ఒకాయన పెట్టిండు. తెల్లారి చూస్తే ఆయన కారు ముందుకు జరిగి ఉన్నది. హ్యాండ్ బ్రేక్ వేసింది వేసినట్టే ఉన్నది. వెనక బంపర్ నిండా ఎర్ర బురద... నడి ఎండాకాలం అది.

ఇంకోటి. అమీర్‌పేట్ చౌరస్తా మాకు కూతవేటు దూరం. అయినా మా మలుపు తిరగంగనే ఆటోవాళ్లు సుత హారన్ మీదికెళ్లి చెయ్యి తీసేస్తరు. మా గల్లీల హారన్ కొట్టరు.

ఎందుకో నాకు విజయేందరన్న చెప్పిండు. పంజాగుట్ట వెనక గల్లీల ఆయనకు జీపులు బాగుచేసే షెడ్డు ఉన్నది. ఆయన చెప్పిందే చెప్తున్న.

మంజూషక్క భర్త దుర్గేష్, విజయేందరన్నకు దోస్తు. జీపంటే ప్రాణం. పెండ్లికి సుత దాంట్లనే వచ్చిండట. "నీకు సవతి ఎక్కడో లేదే కోడలా, గేటు ముందల్నే ఉన్నది" అని అత్త వజ్రమ్మ ఆటపట్టించేది. ఆ జీపు కండ్లల్ల ఒకటి తెలుపు, ఒకటి పసుపు. ఒక లైటు పగిలితే దొరికిన లైటు పెట్టిండు. పెట్టినంక అదే మంచిగనిపించి ఉంచుకున్నడు. రాత్రి గోడ మీద ఆ రెండు రంగులు పడితే చాలు — అక్క పోయి స్టవ్ ముట్టించేదట, అన్నం వేడిచేద్దామని.

ఏడాదికోసారి, వానలు తగ్గంగనే, ఫోర్ బై ఫోర్ జీపులోళ్లందరు ఆదిలాబాద్ పైన కొండల్ల జమైతరు. రోడ్డు ఉండదు. రాళ్లు, వాగులు, బురద. దిగేటప్పుడు ఒకదాని వెనక ఒకటి దిగుతయి. దానికి వాళ్లకో కట్టు ఉన్నది.

మలుపు కాడ ముందు బండి ఆగాలె. వెనక బండి లైట్లు కనిపించినంక బ్రేకు రెండుసార్లు తొక్కాలె. ఎర్ర లైటు రెండుసార్లు వెలుగుతది — 'చూసిన, రా' అని. అది కనిపించేదాకా వెనకోడు కదలొద్దు. ఆఖరి బండి కిందికి చేరినంక ఒక్క పొడుగు హారన్. అంటే అందరు వచ్చిన్రు, ఇగ ఎవరి దారి వాళ్లది.

ఆ యేడు దుర్గేష్‌ది ఆఖరి బండి. అనుకోని వాన పడ్డది. ముందున్నాయన చలికి ఓర్వలేక మలుపు కాడ ఆగకుండనే దిగిపోయిండు. దుర్గేష్ మాత్రం కట్టు తప్పలే. ఎర్ర లైటు కోసం ఆగిండు... ఎదురుచూసిండు... చూస్తనే ఉన్నడు.

బండి కింద మట్టి జారిపోయింది.

శవం వచ్చింది. దినాలు అయినయి. జీపును అక్కడే పాత ఇనుము కింద అమ్మేసిన్రు. కానీ వజ్రమ్మది ఒకటే మాట — "నా కొడుకు ఇంటికి రాలే. పిలవంది వాడు రాడు."

అక్కకు నిద్ర ఉండకపోయేది. ఆయన ఇంకా ఆ చీకట్లనే కూసోని ఉన్నడని... ఎవరు చెప్పినా వినకపోయేది. మల్ల యేడు జీపులు పోయే దినం దగ్గరపడంగనే షెడ్డుకొచ్చింది.

"అన్నా, నన్ను తోల్కపో. ఆఖరి బండి నువ్వే ఉండు."

"పిచ్చా చెల్లె? ఏం చేస్తవు ఆడికొచ్చి?"

"పిలిచొస్త."

ఆ రాత్రి కొండ మీద మంచు దట్టంగ ఉన్నదట. ముందు బండ్లు దిగిపోయినయి. ఆ మలుపు కాడ అన్న బండి ఆపిండు. చెట్లు లేవు, గాలి లేదు. ఒక్క దిక్కు లోయ.

"చూసినవు గదా చెల్లె... పోదాం."

అక్క అద్దంలకు చూస్తున్నది.

"అన్నా... మన వెనక ఎవరు?"

"ఎవ్వరు లేరు. మనమే ఆఖరు."

అని, ఆయన సుత చూసిండు.

మంచుల ఒక లైటు. తెల్లది. దాని పక్కన... పసుపుది.

ఇంజన్ చప్పుడు లేదు. దగ్గరికి రాదు. దూరం పోదు. ఊకెనే నిలబడ్డది.

"ఆగిండు," అక్క గుసగుసగ అన్నది. "మనం సైగ చెయ్యలే గదా... అందుకే."

అన్న కాలు బ్రేకు దాకా పోయి ఆగిందట. బ్రేకు తొక్కితే అది వెంట వస్తది. తొక్కకపోతే... ఎప్పటికీ అక్కడనే ఉంటది.

"వద్దు చెల్లె. అదేందో మనకెరికనా? వెంటబడితే?"

"అది గాదన్నా. ఆయన."

అక్క తన కాలు జరిపి, అన్న కాలు మీద పెట్టి తొక్కింది. ఒక్కసారి... ఇంకొక్కసారి. వెనక మంచు మొత్తం రెండుసార్లు ఎర్రగ మెరిసింది.

ఆ లైట్లు ఒక్క ఊపు ఊగినయి. కదిలినయి.

కిందికి చేరేదాకా అన్న అద్దంలకు చూడలే. చేరినంక అలవాటుకొద్దీ చెయ్యి హారన్ మీదికి పోయింది. అక్క ఆయన మణికట్టు పట్టుకున్నది. ఆమె చెయ్యి మంచుగడ్డ లెక్క ఉన్నదట.

"కొట్టకన్నా. కొడితే పోతడు... ఇంటిదాకా రానియ్."

తెల్లారంగ పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద సుత వెనక ఏవో లైట్లు. పాల బండి కావచ్చని అన్న మనసుకు చెప్పుకున్నడు. బల్కంపేటల గేటు ముందు దిగి చూస్తే, రోడ్డు మీద తడి ఎర్రమట్టి టైరు గుర్తులు. ఒక జత అన్న జీపు కింద. ఇంకో జత దాని వెనక... వచ్చినయి, ఆగినయి. తిరిగి పోలే.

వజ్రమ్మ చెంబుల నీళ్లు తెచ్చి, ఆ ఖాళీ జాగల పోసింది. "కాళ్లు కడుక్కో బిడ్డా" అన్నది.

ఆ పొడుగు హారన్ మొన్నటిదాకా ఎవ్వరు కొట్టలే.

నాకిది విని భయం కాలే. ఏమో... ఏడుపొచ్చింది. నన్ను అట్ల పిలిచేటోళ్లు ఎవరన్న ఉంటరా అనిపించింది. మాది అక్క ఇంటికి ఎదురిల్లే. కిటికీలకెళ్లి ఆ జాగను చూసుకుంట పండుకునేదాన్ని.

మొన్న రాత్రి మా గల్లీలకు ఎవరో తెలవని క్యాబ్ వచ్చింది. అడ్డం టెంపో ఉన్నది. డ్రైవర్‌కు కోపమొచ్చింది. హారన్ మీద చెయ్యి పెట్టిండు... తియ్యలే.

పొడుగ్గ.

క్యాబ్ వెనక్కి పోయింది. తర్వాత, ఖాళీ జాగల, టైర్ల కింద మట్టి నలిగిన చప్పుడు... మెల్లగ దూరమైంది.

అక్క చెప్పులు లేకుండనే గేటు కాడికి ఉరికొచ్చింది. చూసింది. మల్ల లోపలికి ఉరికింది.

గుమ్మం లైటు వెలిగింది. ఆరింది. వెలిగింది... ఆరింది.

చీకటి.

కుక్క ఒకటి సన్నగ మూల్గింది. ఏం లేదు. అక్క ఏడుస్తున్నది, చప్పుడు కాకుండ. మల్ల స్విచ్ — టక్... టక్.

నా కిటికీ పక్కన గోడ మీద తెల్లటి వెలుగు పడ్డది. నేను దుప్పటి నోట్ల కుక్కుకున్న. దాని పక్కకు, మెల్లగ... పసుపు.

ఎదురింట్ల స్టవ్ ముట్టించిన చప్పుడైంది.