రోరీ అమ్మమ్మకి పుట్టిల్లు లేదు

"మీ తాతగారు తప్పండీ."

కెనడాలోని వాటర్లూ ఊరి లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చున్న చరిత తలెత్తి చూసింది. ఎవరో అబ్బాయి. భుజాన గిటారు, ఒళ్ళంతా వాన. జుట్టులోంచి కారుతున్న నీళ్ళు సరిగ్గా ఆమె ల్యాప్‌టాప్ మీదే పడుతున్నాయి.

"మా తాతగారితో మీకేం గొడవ?"

"మీ తాతగారు కాదండీ. మీరు పెట్టిన తాతగారు. రోరీ బర్నాట్స్కీకి స్కాట్లాండ్ తాతేంది? బర్నాట్స్కీ అంటేనే ఉక్రెయిన్. ఇంటిపేరే చెప్తుంటే!"

"ఓ, ఆ ఈమెయిల్ మీదేనా? ప్రతి లైనుకీ ఆశ్చర్యార్థకం పెట్టారు."

"నాదే. దీక్షిత్."

"కొంచెం పక్కకి జరిగి కారండి, దీక్షిత్ గారూ."

రోరీ బర్నాట్స్కీ అంటే కెనడాలో తెలియనివాళ్ళు తక్కువ. రాక్ పాటలతో స్టేడియాలు ఊపి ఊపి, రెండేళ్ళ కిందట పోయాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. టొరంటోలో ఒక పాడ్‌కాస్ట్ కంపెనీ అతని పూర్వీకుల మీద సిరీస్ మొదలుపెట్టింది. ఆ పూర్వీకుల్ని వెతికి పట్టుకుని, వంశవృక్షం గీసి కంపెనీ వెబ్‌సైట్లో పెట్టే ఉద్యోగం చరితది. దీక్షిత్ పగలు ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ రాస్తాడు, మిగతా సమయమంతా రోరీ అభిమాని. హనుమకొండలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు పట్టిన పిచ్చి అది, వాటర్లూ వచ్చాక ముదిరింది.

చరిత స్క్రీను అతని వైపు తిప్పింది. "చూడండి. తాత ఉక్రెయినే, ఒప్పుకున్నాను. నాన్నమ్మది పోర్చుగల్ దగ్గర ఓ దీవి. అమ్మ వాళ్ళ నాన్నది స్కాట్లాండ్. మీరు ఇంటిపేరు పట్టుకుని ఒక్క కొమ్మెక్కి, మిగతావన్నీ నరికేశారు. మనవాళ్ళ బుద్ధే అంత."

దీక్షిత్‌కి పౌరుషం వచ్చింది. చెట్టు బొమ్మ కింద వేలు పెట్టి, "ఇక్కడ అమ్మమ్మ దగ్గర ప్రశ్నార్థకం ఉందేంది?" అన్నాడు.

"మార్గరెట్. ఆవిడ ఎవరి పిల్లో తేలడం లేదు. నా పని అక్కడే ఆగిపోయింది."

"తేలుద్దాం. నాకు కారుంది."

చరిత మొదటిసారి నవ్వింది. బస్సుల కోసం మంచులో నిలబడిన వాళ్ళకే తెలుస్తుంది ఆ మాట విలువ.

ఆ ఎండాకాలం శనివారాలన్నీ వాళ్ళు చర్చిల చుట్టూ, శ్మశానాల చుట్టూ తిరిగారు. ప్రేమలో పడ్డవాళ్ళు పార్కులకి వెళ్తారు గానీ సమాధుల మీద నాచు గీకుతారా అని మీరు అడగొచ్చు. వీళ్ళు గీకారు. ఆమె పేర్లు చదివేది, అతను ఫోటోలు తీసేవాడు. మధ్యలో ఆమె ఫోటో కూడా ఒకటి తీసేవాడు. "అది ఏ శతాబ్దం సమాధి?" అని చరిత అడిగేది. "ఇదింకా బతికే ఉంది, అరుస్తది కూడా," అనేవాడు.

చివరికి రోరీ చెల్లెలు ఐరీన్ దొరికింది. చిన్న ఊళ్ళో, చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటోంది. టీ ఇచ్చి, అమ్మమ్మ సంగతి తనే చెప్పింది.

మార్గరెట్ పసిగుడ్డుగా మాంట్రియల్‌లో ఒక క్రైస్తవ సన్యాసినుల మఠం మెట్ల మీద దొరికిందట. ఆ మఠంలో వంట చేసే అన్నెట్ అనే ఆమె తీసుకుని పెంచుకుందట. పెళ్ళీ లేదు, చుట్టాలూ లేరు. రోరీ కచేరీల చివర పాడే జోలపాట ఆ అన్నెట్ నుంచి వచ్చిందేనట.

"మీ డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే ఆ ఖాళీ నిండిపోతుంది కదా?" అన్నాడు దీక్షిత్ ఉత్సాహంగా.

ముసలావిడ తల అడ్డంగా ఊపింది. "'వదిలేసినవాళ్ళు వదిలేశారు, ఎత్తుకున్నదే మా అమ్మ' అనేది మా అమ్మమ్మ. ఆవిడ వెతకలేదు. నేనెందుకు వెతకాలి?"

తిరిగి వచ్చేటప్పుడు వాన. కారులో చరిత మాట్లాడలేదు. పెట్రోలు బంకు దగ్గర ఆపి దీక్షిత్ కాఫీ తెచ్చాడు. అది రెండు చేతులతో పట్టుకుని, అద్దం మీద జారుతున్న చినుకుల్ని చూస్తూ చెప్పింది.

"మా అమ్మ ఏలూరులో నర్సు. విశాలాక్షి. కాన్పుల వార్డులో నన్నెవరో వదిలేసి వెళ్ళిపోయారట. అమ్మ డ్యూటీ దిగి ఇంటికెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్ళింది. తర్వాత దత్తత కాగితాలవీ చేయించుకుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరన్నా సంబంధం తెస్తే 'పాపతో సహా' అనేదట. వచ్చినవాళ్ళు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయేవారట." నవ్వబోయింది, కుదరలేదు. "నేనిక్కడికి రాకముందే పోయింది. నన్నెవరన్నా ఎవరమ్మాయివంటే విశాలాక్షి కూతుర్నంటాను. తర్వాత ఇంటిపేరు, గోత్రం, మేనమామలు అడుగుతారు. అక్కడ నా దగ్గరా ప్రశ్నార్థకమే."

దీక్షిత్ గుండె కరిగిపోయింది. "నాకవేం అక్కర్లేదు," అన్నాడు. "నువ్వు కావాలి. అంతే."

"ఇంత తడి మొహంతో ప్రపోజ్ చేసేది మీరొక్కరే."

"మొదటిరోజు ఇంకా ఎక్కువ తడిసి ఉన్న."

ఆమె కాఫీ పక్కన పెట్టి అతని భుజం మీద తల ఆనించింది. ఆ రోజు చరిత జీవితంలో ఎంత మంచి రోజో దీక్షిత్‌కి తెలియదు. తెలిసి ఉంటే ఆ తర్వాతి పని చేసేవాడు కాదు.

దీక్షిత్ తల్లి హైమావతి హనుమకొండలో ఉంటుంది. కొడుకు ఫోన్ చేసి ఒకమ్మాయి ఉందని చెప్పగానే, ఏ తెలుగు తల్లి అయినా అడిగేదే అడిగింది. ఎవరి పిల్ల? ఇంటిపేరేంది? గోత్రమేంది?

దీక్షిత్‌కి 'తెలియదు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చింది అబద్ధం. ఏలూరు అన్నాడు. తండ్రి హెడ్మాస్టరుగా చేసి, రిటైరయ్యాక చనిపోయాడన్నాడు. ఒక మంచి ఇంటిపేరు చెప్పాడు. గోత్రం తమది కాకుండా చూసుకుని ఇంకోటి చెప్పాడు. పెళ్ళయ్యాక నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకున్నాడు. ఫోన్ పెట్టేశాక తేలిగ్గా ఈల కూడా వేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాడ్‌కాస్ట్ నడిపే సంజయ్ చరిత మీద ఒత్తిడి పెట్టాడు. "ఖాళీ ఉంటే కథ తేలిపోతుంది. ఫ్రెంచి నావికుడి కూతురై ఉండొచ్చు అని ఒక్క లైన్ పెట్టు. ఎవరు కాదంటారు?"

చరిత దీక్షిత్‌కి ఫోన్ చేసింది. "ఏం చెయ్యను?"

"అస్సలు ఒప్పుకోకు," అన్నాడు దీక్షిత్. "తెలియనిది తెలియదనే చెప్పు. లేని నాన్నని తెచ్చి పెట్టడమేంది ఆ ముసలమ్మకి?"

ఎదుటివాడి ఇంటి దీపం సరిచెయ్యడానికి అందరం ముందుంటాం. చరిత ఆ మాటలు పట్టుకుని సంజయ్‌తో పోట్లాడింది. ఖాళీ ఖాళీగానే ఉండాలని నెగ్గుకొచ్చింది. ఆ సంతోషంలో, "మిల్టన్‌లో గుడికి వెళ్దాం పద," అంది.

హైవే ఎక్కగానే ఫోన్ మోగింది. కారు స్పీకరులో హైమావతి గొంతు.

"ఏంరా, గా హెడ్మాస్టరు ఎవరురా?"

దీక్షిత్ స్పీకరు తగ్గించబోయాడు. "అమ్మా, తర్వాత చేస్త..."

"ఏలూర్ల మా వదిన వాళ్ళ తమ్ముడు ఊరంత అడిగిండు. నువ్వు చెప్పిన ఇంటిపేరోళ్ళు ఆ బడిల ఎన్నడూ లేరట. చరిత అంటే నర్సమ్మ సాదుకున్న పిల్ల అంటున్నరు. మరి ఆ తండ్రెవరు? గోత్రం ఎక్కడిది?"

అతను ఫోన్ కట్ చేశాడు. వైపర్లు వానని తుడుస్తూనే ఉన్నాయి.

"నాకు నాన్నని పెట్టావా?" అంది చరిత. గొంతులో కోపం లేదు. అందుకే అతనికి ఎక్కువ భయమేసింది.

"అమ్మ ఏమంటదో అని..."

"హెడ్మాస్టరా? బావున్నాడా?"

"చరితా, ప్లీజ్."

"మా అమ్మని ఎక్కడ పెట్టావు ఆ కథలో? విశాలాక్షి ఉందా అసలు?"

ఆ కథలో విశాలాక్షి లేదు. హెడ్మాస్టరు గారి భార్య అని ఒక పేరులేని మనిషి ఉంది, అంతే.

"నా జీవితంలో ఉన్న ఒక్క మనిషినీ తీసేశావు," అంది చరిత. అప్పుడు ఏడ్చింది. మిల్టన్ స్టేషన్ దగ్గర ఆపమని దిగిపోయింది. టొరంటో రైలెక్కింది. తర్వాత నంబరు మార్చేసి, మాంట్రియల్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. అతను రాసిన ఈమెయిళ్ళకి జవాబు లేదు. ఈసారి వాటిలో ఆశ్చర్యార్థకాలు కూడా లేవు.

చలికాలం ముందు హైమావతి విజిటర్ వీసా మీద వచ్చింది. కొడుకు చిక్కిపోయి ఉన్నాడు. అన్నం ముందు పెట్టి సంగతంతా రాబట్టింది. విని, చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"తెలియదు అని ఒక్క మాట చెప్తే ఏమైతుండెరా?"

"వద్దంటవని భయమైంది."

"అందునేమో. నాలుగు దినాలు ఏడుద్దునేమో. నన్ను ఏడ్వనియ్యకపోతివి. ఒప్పుకుంటనో లేదో నువ్వే తేల్చేస్తివి. ఆ పిల్లను చిన్నగ చేసినవు, నన్ను ఇంకా చిన్నగ చేసినవు."

అంతకన్నా చెంప మీద కొట్టినా బావుండేదని దీక్షిత్ అనుకున్నాడు.

అక్టోబరులో ఐరీన్ దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. సిరీస్ ప్రసారమైందనీ, అమ్మమ్మ సమాధికి కొత్త రాయి పెట్టిస్తున్నాననీ, వెతికిన పిల్లలిద్దరూ రావాలనీ. హైమావతి, "నేను కూడ వస్త," అని స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుంది.

శ్మశానంలో మేపుల్ ఆకులు ఎర్రగా రాలి ఉన్నాయి. సన్నగా తుంపర. చరిత ముందే వచ్చి ఐరీన్ పక్కన నిలబడి ఉంది. దీక్షిత్‌ని చూసింది. చూపు తిప్పుకోలేదు, నవ్వనూ లేదు. నల్ల కోటులో చిన్నపిల్లలా ఉంది. అతనికి ఏడుపొచ్చింది.

రాయి మీద కప్పిన గుడ్డ ఐరీన్ తీసింది. హైమావతి చరిత దగ్గరికి నడిచి అడిగింది. "ఏం రాసిన్రమ్మా?"

చరిత తడబడింది. ఆవిడ ఎవరో అడగక్కర్లేదు, కళ్ళు అచ్చం కొడుకువే. "మార్గరెట్, అన్నెట్ కూతురు. అంతే రాశారాంటీ."

హైమావతి రాయిని చూసి, తర్వాత అమ్మాయిని చూసింది. ఇంటిపేరు అడగలేదు. గోత్రం అడగలేదు.

"మీ అమ్మ పేరేందమ్మా?"

"విశాలాక్షి."

"విశాలాక్షి బిడ్డవా? మంచిగ పెంచింది తల్లి."

చరిత ఆ ముసలి భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. హైమావతి కొంగుతో ఆమె తల మీది తుంపర తుడుస్తూ నిలబడింది.

దీక్షిత్ దగ్గరికి రావడానికి ధైర్యం చాలక దూరంగా ఉండిపోయాడు. కాసేపటికి చరితే అతని దగ్గరికి వచ్చింది.

"సారీ," అన్నాడు. "ఎంత చెప్పినా చాలదు. అయినా సారీ."

"తెలుసు."

"ఇంకా కోపమేనా?"

"కోపమైతే ఈపాటికి పోయేది. నమ్మకం పోయింది. అది రావడానికి టైం పడుతుంది. వస్తుందో లేదో కూడా తెలియదు."

"ప్రేమ?"

చరిత ఎర్ర ఆకుల వైపు చూసింది. "ఉంది. అదే కదా నా ఖర్మ."

అతను ఇంకేదో అనేలోపు వెళ్ళి ఐరీన్ కారెక్కింది. ఎక్కేముందు హైమావతి ఫోను తీసుకుని అందులో ఏదో నొక్కి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో వాన ఆగింది. హైమావతి ఫోను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది.

"అమ్మా, నంబరు ఇచ్చిందా?"

"ఇచ్చింది. నాకిచ్చింది."

"ఒక్కసారి ఇయ్యవా?"

"ఇయ్య. నీకియ్యమని ఆ పిల్ల చెప్పిననాడు ఇస్త."

"చెప్పకుంటే?"

"నాకు తెల్వదురా." ఆవిడ గొంతు కూడా బాగాలేదు. "తెల్వనిది తెల్వదనే చెప్తున్న."

దీక్షిత్ వైపర్లు వేశాడు.

"వాన లేదు కదరా," అంది హైమావతి. "కండ్లు తుడుచుకొని నడుపు."