మూడో అంతస్తు గోడ

పటాన్‌చెరు హైవే పక్కనున్న ఆ ఐదంతస్తుల కాంప్లెక్స్‌కు చెడ్డపేరు ఈనాటిది కాదు. కింద బట్టల దుకాణాలు, పైన ఆఫీసులు... పొద్దంతా జాతరలా ఉండేది. దీపాలు పెట్టే వేళ దాటితే మాత్రం మూడో అంతస్తుకు ఎవరూ ఎక్కేవారు కాదు.

ఎప్పుడో నడిమధ్యలో ఆగిపోయిన లిఫ్టును బాగుచేయించలేక, ప్రతి అంతస్తులోనూ దాని దారికి అడ్డంగా ఇటుకగోడ కట్టించేశారు. ఆ గోడ వెనక రాత్రిళ్లు ఎవరో తడతారని — తట్టి, ఆగి, మళ్లీ తడతారని — చెప్పుకునేవారు. విన్నామన్నవాళ్లే తప్ప చూసినవాళ్లు లేరు. అయినా వాచ్‌మన్ కూడా పడక రోడ్డవతల చాయ్ హోటల్ బెంచీ మీదే వేసేవాడు.

రెండువేల రెండులో యజమాని రామలింగేశ్వరరావు దానికి కొత్తరూపు తేవాలని పూనుకున్నాడు. ముందువైపు అద్దాలు, లోపల కొత్త లిఫ్టు. దుకాణాలు ఖాళీ చేయించి, పాత కిటికీలు పీకించి, దుమ్ము రోడ్డు మీద పడకుండా రేకులు కొట్టించాడు. మట్టిపెళ్లలు మోసేవాళ్లలో చిట్కుల్ ఊరి ముత్యమ్మ ఒకతె. నలభై అయిదేళ్ల మనిషి. నాట్లు వేసి, కలుపు తీసి బతికిన చేతులు ఇప్పుడు తట్ట పట్టాయి.

ఆ శనివారం మధ్యాహ్నం ఆమెకు జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. మెట్లు దిగే ఓపిక కూడా లేక, కాసేపు నడుం వాలుద్దామని మూడో అంతస్తు వెనకగదిలో, సిమెంటు బస్తాల చాటున ఒరిగింది.

లేచేసరికి — చీకటి.

సుత్తెల చప్పుడు లేదు. మనిషి అలికిడి లేదు. గోడ పట్టుకొని మెట్ల దాకా వచ్చింది. ఇనుప జాలీ తలుపు మూసి ఉంది. చేతికి తాళం చల్లగా తగిలింది. అందరూ దిగిపోయారనుకొని సూపర్‌వైజర్ భీమశంకరం వేసుకుపోయాడు. తెల్లారితే ఆదివారం. సోమవారం దాకా ఇటు తొంగిచూసేవాడు లేడు.

అరిచింది. కింద లారీలు పోతూనే ఉన్నాయి. ఆమె కేక రేకులకు తగిలి ఆమె మీదికే వచ్చింది. గొంతు పోయేదాకా అరిచి అక్కడే కూలబడింది.

అప్పుడు వినిపించింది.

టక్... టక్...

ఊపిరి బిగబట్టింది. ఎలుకేమో...

టక్... టక్... టక్.

ఎలుక కాదు. గోడ వెనక నుంచి.

లేచి పరుగెత్తుదామంటే ఎటు? ముందు తాళం, వెనక ఆ గోడ. జాలీని పట్టుకొని పోచమ్మ తల్లికి మొక్కింది, కోడిని కోస్తానంది. చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. చప్పుడు వచ్చినప్పటి కంటే ఆగినప్పుడే ఆమెకు ఎక్కువ భయం వేసింది... మళ్లీ ఎప్పుడా అని.

అట్లా ఎంతసేపో. పారిపోయే దారి లేనప్పుడు భయం కూడా ఒకచోట అలిసిపోతుంది కాబోలు. మెల్లగా గోడ దగ్గరికి పాకింది. చెవి ఆనించింది.

"ఎవరు?"

చప్పుడు ఆగింది. చాలాసేపటికి, ఊపిరి అంత సన్నగా ఒక మాట —

"పానీ..."

ముత్యమ్మ వెనక్కి పడిపోయింది. గుండెదడ కాస్త తగ్గాక ఒకటే ఆలోచన తొలిచింది. దెయ్యానికి దూప ఎట్లయితది?

చీకట్లో తడిమి ఉలి, సుత్తె వెతికింది. పాత సున్నం రాలింది. వేళ్లు చీరుకుపోతున్నా ఒక్కో ఇటుకనూ ఇవతలికి లాగింది. కన్నం పడ్డాక, బస్తాల దగ్గరున్న తన నీళ్ల సీసా పట్టుకొని చెయ్యి లోపలికి పెట్టింది.

చల్లటి చెయ్యి ఒకటి ఆమె మణికట్టు పట్టుకుంది.

ఆ చెయ్యి వదలలేదు... లాగనూ లేదు. పట్టుకొని ఉంది, అంతే.

"దీదీ... మత్ జావో." పోవద్దని బతిమాలుతోంది ఆ గొంతు.

సుఖ్‌దేవ్. బిహార్ నుంచి వచ్చి, పాత లిఫ్టు ఇనుమును గ్యాసుతో కోస్తున్నవాడు. శుక్రవారం పొద్దుగూకే వేళ ఐదో అంతస్తులో గోడ పగలగొట్టినచోట కాలుజారి, మూడో అంతస్తు దగ్గర ఆగి ఉన్న లిఫ్టు పెట్టె మీద పడ్డాడు. కాలు విరిగింది. ఛాతీ నలిగి గొంతు పెగల్లేదు. చేతికందిన ఇనుపముక్కతో గోడ తట్టడం ఒక్కటే అతనికి మిగిలింది. మర్నాడు మనిషి కనబడకపోతే, చెప్పకుండా ఊరికి పోయుంటాడని భీమశంకరం తేల్చేశాడు.

రాత్రంతా ముత్యమ్మ ఆ కన్నం దగ్గరే కూర్చుంది. అతని కళ్లు మూతపడితే చెయ్యి కుదిపి లేపింది. తెల్లవారగానే ఒక రేకు మేకులు ఊడబెరికి, సందులోంచి కొంగు బయటికి ఊపింది. చాయ్ హోటల్ అంజయ్య చూశాడు. తాళం పగిలింది, గోడ పగిలింది, సుఖ్‌దేవ్ ప్రాణాలతో సంగారెడ్డి ఆస్పత్రికి చేరాడు.

పదిహేను రోజులకు ముత్యమ్మ జొన్నరొట్టెలు కట్టుకొని చూడబోయింది. అతను పక్కమంచాల వాళ్లందరికీ ఆమెను చూపించి, వచ్చీరాని తెలుగులో మురిసిపోతూ చెప్పాడు — అంతమందిలో తన చప్పుడు విన్నది ఈ అక్క ఒక్కతే అని.

మూట విప్పుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

"శనివారం పొద్దుగాల్నే విన్న తమ్మీ," అంది మెల్లగా. "పట్టపగలు... మూడుసార్లు. కొంగు చెవులకు సుట్టుకొని, తట్ట ఎత్తుకొని పోయిన."