ఏరు తిప్పి పంపిన మూట

ముత్యాలేరులో దిగిన గేదె గట్టెక్కాక సొంత దూడే వాసన చూసి పారిపోయిందట. ఎదురింటి సన్యాసమ్మ చూసిందని ఆమె కోడలు, కోడలు చెప్పిందని ఊరూ చెప్పుకున్నారు. గేదె సంగతి ఎలా ఉన్నా కంపు మాత్రం నిజం. ఆ నీళ్ళు తాగిన పిల్లలు లేపినా లేవని మాయనిద్రలో పడ్డారు. వాళ్ళలో పడవ నడిపే అప్పన్న చిన్నకూతురు గౌరి కూడా ఉంది.

అక్క నూకాలు ఊరుకోలేదు. రేవులో గ్రీకు దేశంనుంచి వచ్చిన ఒక ముసలి యవనుడు తన దేశపు ప్రాచీన కావ్యాలు పాడేవాడు. వాటిలో ప్రతి ఏటికీ ఒక దేవుడు ఉండేవాడు. ఒక ఏటికైతే గులకరాళ్ళు కనిపించే నీళ్ళు, ఒడ్డున తేనెపట్లు వేలాడే చెట్లు. ఆ ఏటి నీళ్ళు తాగిస్తే చెల్లి లేస్తుందని అతనే చెప్పాడు. నూకాలు తన తండ్రి పడవెక్కి తెరచాప ఎత్తింది.

కావ్యం ప్రకారం పాటతో ఓడలు ముంచే సాగరకన్యలు అడ్డుపడాలి. వాళ్ళ గొంతుల్లో తారు పేరుకుపోయింది. దగ్గుతూ, పొమ్మని చేత్తో సైగ చేశారు. తరవాత దారి తప్పించే మహారణ్యం రావాలి. అంతా నరికిన మొద్దులే, తప్పిపోదామన్నా చోటు లేదు. చివరికి ఏరు కనిపించింది. చీములాంటి నురగ, ఉబ్బిన చేపలు, గొట్టం కక్కుతున్న నల్లరసం.

అయినా దేవుడి దగ్గరికి వచ్చింది కదా. ఊళ్ళో అందరూ చేసినట్టే పూలూ పసుపూ ప్లాస్టిక్ కవరులో మూటగట్టి, భక్తిగా నీళ్ళలోకి విసిరింది.

మూట తిరిగొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడింది. వెనకే బురదలోంచి ఏటిదేవుడు లేచాడు. గడ్డం నిండా గుడ్డపీలికలు.

"నిన్నిలా చేసిన రాక్షసుడు ఎవరు స్వామీ?"

ఆయన కాండ్రించి ఉమ్మాడు. "రాక్షసుడైతే పోరాడేవాణ్ణి. కొందరు గొట్టం పెట్టి వదులుతారు, కొందరు దండం పెట్టి వదులుతారు. నాకు రెండూ చెత్తే."

నూకాలు తలొంచుకుని తన మూట కొంగున కట్టుకుంది. నా ఊటలో అడ్డుపడినది తీస్తే నీళ్ళిస్తానన్నాడు దేవుడు. ఆమె భుజందాకా చెయ్యి దూర్చి, వాంతి చేసుకుంటూనే కుళ్ళంతా లాగి పారేసింది. అడుగునుంచి చల్లటి నీరు ఉబికింది. కుండ నిండింది.

ఊరికి తెచ్చిన ఆ నీళ్ళతో గౌరి కళ్ళు తెరిచింది, మిగతా పిల్లలూ లేచారు. రాజు వీరభూపతి సంబరపడిపోయి ముత్యాలేటి ఒడ్డున జాతర చేయించాడు. ఇంటికో పూజమూట, అన్నీ కవర్లలోనే. మొదటిది నూకాలు చేతికిచ్చి, ఏటిలో వెయ్యమ్మా అన్నాడు.

"ముందు మీరు తాగే బిందెలో వెయ్యండి మారాజా," అంది నూకాలు.