గుండె మీద ఎరుపు

మా పనిగది ఆసుపత్రి నేలమాళిగలో ఉంటుంది. కిటికీ లేదు. అద్దానికి ఇటు నేనూ, నా కంప్యూటరూ. అటు ఎమ్మారై గొట్టం. దెబ్బతిన్న గుండె కండ ఆ బొమ్మల్లో తెల్లగా, మీగడ అంటుకున్నట్టు కనిపిస్తుంది. ఆ తెలుపు మీద నేను ఎర్రరంగు పూస్తాను. అలాంటి బొమ్మలు వేలకొద్దీ చూపించి, దెబ్బ ఎక్కడుందో తనే కనిపెట్టి ఎర్రగా పూసేలా కంప్యూటరుకి నేర్పాను. కాలేజీలో చదివింది కాదు, వీడియోలు చూసి పట్టుకున్న విద్య. అందుకే డాక్టరుగారికి నేను "రంగులమ్మాయ్".

కంప్యూటరుకి బాగున్న గుండెలు కూడా చూపించాలి. బాగున్నవాళ్లు ఆసుపత్రికి ఎందుకొస్తారు? ఇంట్లోవాళ్లనీ, తెలిసినవాళ్లనీ బతిమాలి తెచ్చుకుంటాం. ఆ మధ్యాహ్నం మా అక్కని తెచ్చాను.

"నా గుండెలో మీ బావ కనిపిస్తే చెప్పవే, ఖాళీ చేయిస్తా," అంటూ పడుకుంది. గొట్టం దాన్ని లోపలికి తీసుకుంది.

మొదటి బొమ్మ వచ్చింది. నల్లటి, శుభ్రమైన కండ. దాని మీద ఒక మూల కంప్యూటరు గోరంత ఎరుపు పూసింది.

డాక్టరుగారు వంగి చూశారు. "అక్కడేముందని? కామెర్లవాడికి లోకమంతా పచ్చన, నీ కంప్యూటరుకి అంతా ఎర్రన. చెరిపెయ్ రంగులమ్మాయ్." ఫోను మోగితే మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్లిపోయారు.

రెండో బొమ్మ వచ్చింది. ఎరుపు ఉన్నచోటే... ఇప్పుడు కండ తెల్లబడి ఉంది.

ముందు ఎరుపు. తర్వాత దెబ్బ.

గదిలో తడి ఇనుము వాసన. స్పీకరులోంచి అక్క గుసగుస.

"ఒసే... లోపల ఎవరో... వేలితో రాస్తున్నారే..."

ఆపే మీట నొక్కాను. యంత్రం మోత ఆగలేదు. గొట్టం ఉన్న గది తలుపు పిడి తిప్పాను. తిరగలేదు. మూడో బొమ్మలో ఎరుపు సగం గుండెకి పాకింది.

"చల్లగా ఉందే... నన్ను బయటికి తియ్యవే..."

చెరిపాను. ఎరుపు అక్క గుండె మీంచి లేచింది. కానీ పోలేదు... తెర మీది బాణం గుర్తుకి అంటుకుని నా చెయ్యి వెంటే తిరిగింది. నల్లటి ఖాళీలోకి విదిలించాను. చీమలా పాకుతూ మళ్లీ అక్కవైపే బయల్దేరింది. దానికి గుండె కావాలి. ఏదో ఒక గుండె.

పొద్దున వచ్చిన గడియారాల తాత గుర్తొచ్చాడు. మా వీధి చివర గడియారాలు బాగుచేస్తాడు, నా మాట కాదనలేక వచ్చాడు. "ఏమ్మా, నడుస్తోందా, కీ ఇవ్వాలా?" అని నవ్వించాడు. ఈ వయసులోనూ మచ్చలేని గుండె. మనవరాలు వచ్చి తీసుకెళ్తుందని ఇంకా వరండాలో బల్ల మీదే కూర్చున్నాడు.

తాత బొమ్మ తెరిచాను.

ఎరుపుని తీసుకెళ్లి అతని గుండె మీద వదిలాను. దాహంతో ఉన్నదానిలా... ఒక్కసారిగా పరుచుకుంది.

వరండాలో ఏదో దభీమని పడింది. "తాతా! తాతా!" ఆడపిల్ల గొంతు. డాక్టరుగారు ఎవరినో కేకేస్తున్నారు.

మోత ఆగింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. తెర మీద అక్క గుండె నల్లగా, శుభ్రంగా, అసలేమీ జరగనట్టు.

"చచ్చాననుకున్నానే బాబూ," అక్క చెంపలు రుద్దుకుంటూ వచ్చింది. "బయట ఏంటా గోల?"

"ఏం లేదు," అన్నాను. "వెళ్దాం పద."

అది చెప్పులు వేసుకుంటోంది. గొట్టం ఖాళీగా ఉంది. అయినా తెర మీదికి ఇంకో బొమ్మ వచ్చింది.

గుండె. చిక్కుడు గింజంత. పిట్ట రెక్కలా కొట్టుకుంటోంది.

"ఏంటే అలా చూస్తావ్?" అక్క నవ్వింది. "నాల్రోజుల్నుంచీ పొద్దున లేస్తే ఒకటే వికారం, కాస్త గాలి తగలనీ, రా..."

మౌసు మీద నా చెయ్యి లేదు.

ఆ గింజ అంచున... ఎరుపు మొదలైంది.