అక్క ఫ్రెంచి

పొద్దున్న తొమ్మిదింటికల్లా చిన్నోడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోను ముందు కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లొచ్చినా ఇంట్లో వాడు చిన్నోడే. ఎనిమిది నెలలుగా ఉద్యోగం లేదు. ఇవాళ్టి ఇంటర్వ్యూ ఫోన్లోనే, అదీ ఫ్రెంచిలో. మనవాడికి ఆ భాషలో పేరు చెప్పుకోవడం కూడా రాదు. బయోడేటాలో మాత్రం "విదేశీ భాషలు: ఫ్రెంచి, ధారాళంగా" అని రాసిపారేశాడు.

ఆ భాష వచ్చింది అక్కకి. పగలంతా కుట్టుమిషను తొక్కి, సాయంత్రాలు నాలుగేళ్లు క్లాసుకెళ్లి నేర్చుకుంది. ఈ ఉద్యోగ ప్రకటన చూసిందీ అక్కే. తన బయోడేటా టైపు చేసి పంపమని తమ్ముడి చేతికిచ్చింది. వాడు పేరు మార్చి తనది పంపుకున్నాడు. నీకు కుదరదన్నారక్కా, నాకు పిలుపొచ్చింది అని గోడకేసి చూస్తూ చెప్పాడు. ఆ పిచ్చితల్లి నమ్మింది. రాని భాష ఎలా రాశావురా అని నాలుగు చీవాట్లు పెట్టి, ఇంట్లో ఒకరికైనా ఉద్యోగం రానీ అంటూ సాయానికి తనే సిద్ధపడింది. ఆ మాట విన్నప్పటినుంచి వాడికి ముద్ద దిగడం లేదు.

ఏర్పాటు ఏమిటంటే, అక్క స్పీకర్లో ప్రశ్న విని ఫ్రెంచి జవాబు నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాస్తుంది, వాడు చదువుతాడు. వంటింటి గుమ్మంలో తల్లి, పేపరు చాటున తండ్రి ఊపిరి బిగబట్టి వింటున్నారు.

రెండు ప్రశ్నలు గట్టెక్కాయి. మూడోదానికి జవాబు పెద్దది. తమ్ముడి కంగారు చూసి అక్క మధ్యలో ఒక మాట రాసింది. చదివే ఊపులో వాడు అదీ చదివేశాడు, అదే రాగంలో.

"ఇక్కడ ఆగి ఊపిరి పీల్చుకో."

అవతల మేనేజరమ్మ తెలుగులోనే అడిగింది.

"పీల్చుకున్నావా బాబూ? ఇక ఆ రాసేవాళ్లకి ఫోనివ్వు."

అక్క తప్పయిపోయిందండీ అని బతిమాలుకుంది. ఆవిడ ఆ సంగతి పక్కన పెట్టి, ఇంత బాగా వచ్చినదానివి నువ్వే అప్లై చేసుకోలేకపోయావా అంది.

"చేశానండి. మీరే కుదరదన్నారటగా."

"నీ దగ్గర్నుంచి మాకేం రాలేదమ్మా."

అక్క తమ్ముడి వంక చూసింది. వాడి చెవులు కాలిపోయాయి. ఎక్కడో తప్పిపోయుంటుందిలే అని తల్లే గుమ్మంలోంచి కొడుకుని వెనకేసుకొచ్చింది. అందుకోవడానికి అబద్ధం సిద్ధంగా ఉంది. వాడికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"తప్పిపోలేదమ్మా. నేనే పంపలేదు. అక్క పేరు తీసేసి నాది పెట్టుకున్నాను."

తండ్రి పేపరు మడిచి, ఛీ అని లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడే నీతో ఫ్రెంచిలో మాట్లాడొచ్చా అని ఫోన్లో ఆవిడ అడుగుతోంది. అక్క మోచేత్తో కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది, కాగితం లేకుండా, తడుముకోకుండా. అక్క ఆ భాష మాట్లాడగా చిన్నోడు వినడం అదే మొదలు. వెక్కిరిస్తాడని వాడి ముందు ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అక్క మధ్యలో నవ్వడం విని వాడికి ఏడుపు ఆగలేదు.

మాట ఆపకుండానే అక్క వాడి తల మీద చెయ్యి వేసింది. దానికంటే రెండు తగిలించినా బాగుండేదనిపించింది వాడికి.